ముందు దిగినవాడిదేనా మార్కెట్టు?



కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునే కుర్రవాళ్ళ దగ్గర కూర్చుంటే రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి: "ఇంకా ఎవరూ పెట్టలేదు సార్, మనమే ముందు దిగిపోవాలి. లేటయితే ఇంకెవడో పట్టుకుపోతాడు." రెండోది: "ఐడియా మంచిదేనండీ, కానీ ఎవరో ముందే పెట్టేశారు. ఇక మనకేం మిగులుతుంది?" మొదటి మాట లెక్కలు సరిచూసుకోకుండానే అప్పు చేయిస్తుంది. రెండో మాట చేతనైన పనిని కూడా మాన్పించేస్తుంది. ఈ రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. మార్కెట్లోకి ముందు దిగినవాడిదే గెలుపు అని. ఆ నమ్మకంతో పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలున్నాయి. అదే నమ్మకంతో చేతిలో ఉన్న విద్యను పక్కన పెట్టేసిన పిల్లలున్నారు. అందుకే ఇది ఎంతవరకు నిజమో ఈ రోజు కాస్త నిదానంగా చూద్దాం.

మన పెద్దలు దీని మీద రెండు వైపులా మాట్లాడారు. ఆలస్యం చేస్తే అమృతం కూడా విషమవుతుందన్నారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అనీ అన్నారు. ఏ మాట ఎక్కడ వర్తిస్తుందో తెలియాలంటే జరిగిన వ్యాపారాలనే చూడాలి. మన దేశంలోనే అందుకు చక్కని ఉదాహరణ ఒకటుంది.

1999వ సంవత్సరం. బెంగళూరులో ఆరుగురు కలిసి ఫ్యాబ్‌మార్ట్ అని ఒక కంపెనీ పెట్టారు. ఇంటర్నెట్‌లో సరుకు చూపించి, అక్కడే ఆర్డరు తీసుకుని, ఇంటికి పంపించే దుకాణం. మన దేశంలో ఆన్‌లైన్ అమ్మకాల చరిత్ర చెప్పేవాళ్ళు మొదట తలుచుకునే పేరు అదే. సంగీతం, పుస్తకాలతో మొదలుపెట్టి, తర్వాత కిరాణా సరుకుల దాకా వెళ్ళారు. ఆలోచనలో లోపం లేదు. ఈ రోజు కోట్లమంది చేస్తున్నది అదే పని.

కానీ ఆ రోజుల్లో కొనేవాడి ఇంట్లో పరిస్థితి ఏమిటి? మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. నాలుగేళ్ళు గడిచినా కనెక్షన్లు లక్షల్లోనే ఉన్నాయి. కంప్యూటరుకు మోడెమ్ తగిలించి, ఫోను లైనులోంచి డయల్ చేస్తే కీచుమని శబ్దం వచ్చేది. లైను కలిసిందా సరే, లేకపోతే మళ్ళీ డయల్ చేయాలి. నెట్‌లో ఉన్నంతసేపూ ఇంటి ఫోను ఎంగేజ్. ఒక క్యాసెట్ అట్ట బొమ్మ పైనుంచి కిందికి గీతలు గీతలుగా తెర మీదికి దిగేసరికి నిమిషాలు గడిచేవి. అంత ఓపిక పట్టి సరుకు ఎంచుకున్నా, డబ్బు కట్టడానికి క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళెందరు? ఉన్నా, కార్డు నంబరు తెర మీద కొట్టే ధైర్యం ఎందరికి? కట్టినా, ఆ పార్సిల్ చేరుతుందన్న నమ్మకం ఎక్కడిది?

అంటే ఆ కంపెనీ సరుకు అమ్మితే సరిపోలేదు. ఇంటర్నెట్‌లో కొనడమంటే ఏమిటో చెప్పాలి, డబ్బు పోదని నమ్మించాలి, పార్సిళ్ళు చేర్చే ఏర్పాటు చేసుకోవాలి. ఈ ఖర్చంతా మొదట దిగినవాడి జేబులోంచే పోయింది. ఆన్‌లైన్ వ్యాపారం ఇండియాప్లాజా అన్న పేరుతో కొనసాగింది. వ్యవస్థాపకుల్లో ఒకరైన కె. వైతీశ్వరన్ చివరిదాకా దానితోనే ఉన్నారు. 2013లో అది మూతపడింది. దేశంలో తొలి ఆన్‌లైన్ దుకాణంగా పేరు పొందిన సంస్థ, ఆన్‌లైన్ కొనుగోళ్ళు నిజంగా ఊపందుకుంటున్న రోజుల్లోనే మూతపడింది.

ఈలోగా 2007లో అదే బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలైంది. అప్పటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. రైలు టికెట్లు ఆన్‌లైన్‌లో కొనడం జనానికి అలవాటైంది. కార్డు అంటే భయమున్నవాళ్ళ కోసం, పార్సిల్ చేతికి వచ్చాకే డబ్బివ్వండి అన్న పద్ధతిని 2010 నుంచి ఫ్లిప్‌కార్ట్ పెద్ద ఎత్తున నడిపింది. పార్సిళ్ళు చేరవేసే సొంత ఏర్పాటు చేసుకుంది. 2018లో అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి అందులో 77 శాతం వాటా కొన్నది. ఎనిమిదేళ్ళు వెనక వచ్చినవారికి దక్కిన ఫలితం అది.

ఇక్కడితో ఆపితే ఇది ఓడినవాడి కథ, గెలిచినవాడి కథ అయిపోతుంది. అసలు పాఠం దీని తర్వాత ఉంది. ఫ్యాబ్‌మార్ట్ పెట్టిన వారిలో కొందరు కిరాణా వ్యాపారాన్ని నేల మీదికి తెచ్చి, ఫ్యాబ్‌మాల్ పేరుతో మామూలు సూపర్‌మార్కెట్లు నడిపారు. ఆ గొలుసు మన హైదరాబాదులో పుట్టిన త్రినేత్ర సూపర్‌మార్కెట్లతో కలిసింది. ఆ రెండింటినీ ఆదిత్య బిర్లా గ్రూపు తీసుకుంది. మన ఊళ్ళలో 'మోర్' అన్న బోర్డుతో కనిపించిన దుకాణాల్లో కొన్నింటి వెనక చరిత్ర అదే. ఆ అనుభవమంతా వెంటబెట్టుకుని, హరి మేనన్, వి.ఎస్. సుధాకర్, విపుల్ పారేఖ్, వి.ఎస్. రమేశ్, వీరితో పాటు అభినయ్ చౌదరి కలిసి 2011లో మళ్ళీ ఆన్‌లైన్ కిరాణా పెట్టారు. దాని పేరు బిగ్‌బాస్కెట్. 2021లో టాటా గ్రూపు అందులో మెజారిటీ వాటా కొన్నది.

దాదాపు అదే మనుషులు, అదే ఊరు, అదే పప్పు, ఉప్పు, బియ్యం. 1999లో నిలవనిది 2011లో నిలిచింది. మధ్యలో ఏం మారింది? కొనేవాడి చేతిలోకి ఫోను వచ్చింది, నెట్‌లో కొనడం అలవాటైంది, అపార్ట్‌మెంట్లు పెరిగాయి, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళు పెరిగాయి. అమ్మేవాళ్ళూ మారారు. కొన్నేళ్ళపాటు నేల మీది దుకాణాలు నడిపి, కూరగాయలు ఎక్కడ కొనాలో, ఎంత కుళ్ళిపోతుందో, ఏ సరుకు మీద ఎంత మిగులుతుందో నేర్చుకున్నారు. మార్కెట్ సిద్ధపడింది, వాళ్ళూ సిద్ధపడ్డారు. ఆ రెండూ కలిసిన చోట గెలుపు వచ్చింది.

అయినా అక్కడితో కథ ముగియలేదు. పది నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే పద్ధతి వచ్చింది. గ్రోఫర్స్ 2021 చివర్లో బ్లింకిట్‌గా పేరు మార్చుకుని ఆ దారి పట్టింది. అదే ఏడాది జెప్టో వచ్చింది. బిగ్‌బాస్కెట్ కూడా తన పద్ధతి మార్చుకోక తప్పలేదు. చిత్రమేమిటంటే, గంటలోపు ఇంటికి సరుకు అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1998లో న్యూయార్క్‌లో కోజ్మో అనే కంపెనీ సరిగ్గా ఆ పని మొదలుపెట్టింది. డెలివరీకి విడిగా డబ్బు తీసుకోకుండా చిన్న చిన్న వస్తువులు మోసింది. ఒక్కో ఆర్డరు మీద మిగిలేది, మోసినందుకు అయ్యే ఖర్చుకు చాలలేదు. కోట్ల డాలర్ల పెట్టుబడి కరిగిపోయి, 2001లో మూతపడింది.

మరి ముందు దిగినవాడే గెలుస్తాడన్న నమ్మకం ఇంత గట్టిగా ఎలా నాటుకుంది? దీని మీద పీటర్ గోల్డర్, జెరార్డ్ టెల్లిస్ అనే ఇద్దరు పరిశోధకులు 1993లో ఒక ముఖ్యమైన అధ్యయనం ప్రచురించారు. అంతకు ముందు చేసిన పరిశోధనల్లో చాలావరకు, అప్పటికి నడుస్తున్న కంపెనీలను అడిగి లెక్క కట్టినవే. అక్కడే పొరపాటుంది. మూతపడ్డ కంపెనీని అడిగేదెవరు? పైగా బాగా గెలిచిన కంపెనీ మేమే మొదటివాళ్ళమని చెప్పుకుంటుంది, జనమూ అలాగే గుర్తుపెట్టుకుంటారు. వీళ్ళిద్దరూ అలా అడగకుండా, ఆయా వస్తువులు మార్కెట్లోకి వచ్చిన కాలంనాటి పత్రికలు, రాతలు తిరగేసి, నిజంగా మొదట అమ్మిందెవరో వెతికారు. 50 రకాల వస్తువులు, దాదాపు 500 బ్రాండ్లు. అందులో మొదట దిగినవారిలో 47 శాతం విఫలమయ్యారని తేలింది. దీర్ఘకాలం నిలిచి మార్కెట్‌ను ఏలిన కంపెనీలు, మొదటివారి కన్నా సగటున 13 ఏళ్ళు వెనక దిగినవని తేలింది.

ఉదాహరణలు మనకు తెలిసినవే. ఇంటర్నెట్‌లో వెతకడానికి ఆల్టావిస్టా 1995లో వచ్చింది. గూగుల్ కంపెనీ పుట్టింది 1998లో. జేబులో పెట్టుకుని పాటలు వినే ఎంపీ3 ప్లేయరు 1998లోనే కొరియా కంపెనీ ఒకటి అమ్మింది. ఆపిల్ ఐపాడ్ 2001లో గాని రాలేదు. ఈ రోజు ఎవరి పేర్లు నిలిచాయో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని ముందు దిగడం వల్ల లాభమే లేదంటే అదీ తప్పే. మూడు చోట్ల ముందు దిగినవాడికి నిజమైన బలం ఉంటుంది. ఒకటి, ఇతరులు నకలు చేయలేని విద్య చేతిలో ఉన్నప్పుడు. పేటెంటు గానీ, ఏళ్ళ తరబడి సాధిస్తే తప్ప రాని నైపుణ్యం గానీ ఉండాలి. రెండు, ఒక్కటే ఉన్న వనరు ముందుగా చేజిక్కినప్పుడు. బస్టాండు మలుపులో ఒక్కటే గది ఉంటే, అది అద్దెకు తీసుకున్నవాడి తర్వాత ఎంత గొప్ప టీ కాచేవాడు వచ్చినా వెనక సందులోకి పోవాల్సిందే. మూడు, కొనేవాళ్ళు పెరిగేకొద్దీ అమ్మేవాళ్ళు, అమ్మేవాళ్ళు పెరిగేకొద్దీ కొనేవాళ్ళు వచ్చి చేరే వ్యాపారం అయినప్పుడు.

ఈ మూడో దానికి రెడ్‌బస్ మంచి ఉదాహరణ. తెలంగాణకు చెందిన ఫణీంద్ర సామ, తన మిత్రులతో కలిసి 2006లో బెంగళూరులో పెట్టిన సంస్థ అది. మొదట బస్సుల యజమానులకు సాఫ్ట్‌వేర్ ఇస్తామంటే తీసుకునేవాళ్ళు లేరు. అప్పుడు వీళ్ళే ఏజెంట్లుగా మారి, కొన్ని సీట్లు అడిగి తీసుకుని అమ్మి చూపించారు. సీట్లు నిండడం చూశాక మరికొందరు యజమానులు వచ్చారు. బస్సులు ఎక్కువ కనిపించేసరికి ప్రయాణికులు వచ్చారు. ప్రయాణికులున్నారని మళ్ళీ బస్సులు వచ్చాయి. ఆ చక్రం ఒకసారి తిరగడం మొదలయ్యాక, కొత్తగా వచ్చేవాడికి అది ఆపడం కష్టం. అయితే దాన్ని తిప్పింది ముందు దిగడం ఒక్కటే కాదు. ఒక్కొక్క ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కి, ఒక్కొక్క సీటు అడిగిన ఓపిక తిప్పింది.

ఇక నకలు చేయడం సులువైన చోట ఏమవుతుందో షాంపూ ప్యాకెట్లు చెబుతాయి. ఏ పల్లెలో ఏ కిరాణా కొట్టుకు వెళ్ళినా, గుమ్మం పైనుంచి తోరణంలా షాంపూ ప్యాకెట్లు వేలాడుతుంటాయి. కొట్టతను ఒకటి చింపి చేతిలో పెడతాడు. తలంటుకు సరిపోయినంత, ఆ పూటకు. షాంపూ అంటే పట్నంలో సీసా కొనుక్కునేవాళ్ళ వస్తువుగా ఉన్న రోజుల్లో, దాన్ని చిన్న ప్యాకెట్లో పోసి సామాన్యుడికి ఇవ్వాలన్న ఆలోచన తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్‌ది. ఆయన తర్వాత కొడుకులు వెల్వెట్ పేరుతో దాన్ని పెద్ద వ్యాపారం చేశారు. 1983లో ఆ కొడుకుల్లో ఒకరైన సి.కె. రంగనాథన్ అన్నల నుంచి విడిపోయి, 15 వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. ముందు దిగిన వెల్వెట్ సొంత ఇంట్లోనే ఉంది, తాను వెనక వచ్చారు.

ఆయన ఏం చేశారు? దక్షిణాది పల్లెల్లోకి మనుషులను పంపి, బడిపిల్లవాడికి అందరి ఎదుటా తలంటించి, ఆరిన జుట్టు ముట్టుకుని చూడండని ఊరివాళ్ళను పిలిచారు. ఖాళీ ప్యాకెట్లు తెస్తే కొత్త ప్యాకెట్ ఇస్తామన్నారు. మొదట ఏ కంపెనీ ఖాళీ ప్యాకెట్లు తెచ్చినా తీసుకున్నారు. తర్వాత చిక్ ప్యాకెట్లు తెస్తేనే అన్నారు. తర్వాతి కాలంలో అర్ధరూపాయికే ప్యాకెట్ తెచ్చారు. ప్యాకెట్లో షాంపూ అన్న ఆలోచన చేసిన వెల్వెట్ వెనకబడింది. ఎవరైనా నకలు చేయగలిగే ఆలోచన ఎన్నాళ్ళు మనదిగా ఉంటుంది? పక్కవాడు ఆ మిషను కొనుక్కునేదాకా. అంతే.

చివరగా మన హైదరాబాదు ముచ్చట ఒకటి చెప్పాలి. నాకు ఈ విషయం మీద అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అదే. కామెర్లకు, కాలేయ క్యాన్సరుకు దారితీసే హెపటైటిస్-బి వ్యాధికి, జన్యు సాంకేతికతతో తయారైన టీకా అమెరికాలో 1986లోనే వచ్చింది. మన దేశానికీ దిగుమతి అయింది. ఒక్క డోసు ధర వందల రూపాయలు. మూడు డోసులు వేయాలి. ఇంట్లో నలుగురుంటే పన్నెండు డోసులు. కూలీ చేసుకునే కుటుంబం ఆ మాటే ఎత్తలేని రోజులు.

నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. మందుల రంగం ఆయనది కాదు. అయినా ఆ టీకాను ఇక్కడే తయారుచేయాలని 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. విదేశీ సాంకేతికత దొరకకపోతే, హైదరాబాదులోని పరిశోధనశాలల ఆసరాతో మన శాస్త్రవేత్తలే సొంతంగా దాన్ని సాధించారు. 1997లో శాన్‌వ్యాక్-బి మార్కెట్లోకి వచ్చింది. డోసు దాదాపు 50 రూపాయలు. మరుసటి ఏడాదికే హైదరాబాదులోనే భారత్ బయోటెక్ కూడా తన టీకా తెచ్చింది. పోటీ పెరిగి ధర ఇంకా దిగింది. ఈ రోజు మన పసిపిల్లలకు ఆ టీకాను ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తోంది.

ప్రపంచం లెక్కలో చూస్తే శాంతా బయోటెక్నిక్స్ పదకొండేళ్ళు వెనక వచ్చింది. డబ్బు లేక టీకా ముఖం చూడని తల్లి లెక్కలో చూస్తే ఆ సంస్థే మొదటిది. ముందు వచ్చినవాళ్ళు ఎవరిని వదిలేశారో చూసి, వాళ్ళ దగ్గరికి మొదట చేరడమే వ్యాపారంలో నిజమైన ముందు అని నా నమ్మకం. షాంపూ ప్యాకెట్ చేసిందీ అదే. చేతికి వచ్చాకే డబ్బు అన్న పద్ధతి చేసిందీ అదే. ఈ మూడింటిలోనూ వస్తువు కొత్తది కాదు. దాన్ని అందుకున్న మనుషులు కొత్తవాళ్ళు.

కాబట్టి వ్యాపారం పెట్టబోయే యువతీయువకులకు నా మనవి ఇది. ఎవరూ పెట్టలేదు కాబట్టి పెడతామంటే, ఎందుకు పెట్టలేదో ముందు తెలుసుకోండి. కొనేవాళ్ళు సిద్ధంగా లేకపోవచ్చు. దానికి కావలసిన రోడ్డో, కరెంటో, అలవాటో ఇంకా రాకపోయి ఉండవచ్చు. అవి వచ్చేదాకా మీ చేతిలో డబ్బు నిలుస్తుందా, ఎన్ని నెలలు నిలుస్తుంది? ఈ లెక్క కాగితం మీద వేయండి. ఒకడు చూసి ఆరు నెలల్లో నకలు చేయగలడా అన్నది కూడా అడగండి. చేయగలడంటే, ఆ ఆరు నెలల్లో మీరు ధరలో గానీ, నాణ్యతలో గానీ, నమ్మకంలో గానీ అతనికి అందనంత దూరం వెళ్ళాలి. ముందు దిగడం వల్ల దొరికేది ఆ గడువు మాత్రమే. దాన్ని వాడుకోనివాడికి అది ఖర్చుగానే మిగులుతుంది. ఈ లెక్క తేలకుండా అమ్మానాన్నల పొలం కాగితాలు బ్యాంకుకు తీసుకెళ్ళకండి.

బిడ్డకు పెట్టుబడి ఇచ్చే తల్లిదండ్రులకు, అప్పిచ్చే బ్యాంకువారికి కూడా ఒక మాట. ఎవరూ చేయలేదన్నది అర్హత కాదు, ఎవరో చేస్తున్నారన్నది లోపమూ కాదు. ఈ పిల్లవాడికి ఆ పని వచ్చా, కొనేవాళ్ళ కష్టం ఇతనికి తెలుసా అని అడగండి. ఒకసారి ముందు దిగి నష్టపోయినవాడిని పనికిరానివాడని తీసిపారేయకండి. ఫ్యాబ్‌మార్ట్ వాళ్ళకు రెండో అవకాశం దొరికింది కాబట్టే బిగ్‌బాస్కెట్ వచ్చింది. మొదట దిగినవాళ్ళు తమ డబ్బుతో దేశానికి కొత్త అలవాటు నేర్పుతారు. వాళ్ళు ఓడినా, సమాజం వాళ్ళకు బాకీ పడే ఉంటుంది.

ఇక, ఎవరో ముందే పెట్టేశారని మానుకున్నవాళ్ళకు చెబుతున్నాను. ఆ దుకాణానికి వెళ్ళండి. అక్కడ కొనేవాళ్ళతో మాట్లాడండి. ఏం బాగా లేదో అడగండి. అక్కడికి రాలేకపోతున్నవాళ్ళెవరో, ధర వల్లనా, దూరం వల్లనా, భాష వల్లనా, ఎందుకు రాలేకపోతున్నారో కనుక్కోండి. ఆ జవాబుల్లో మీకు చేతనైన పని ఒక్కటి దొరికినా, మీరు ఆలస్యంగా వచ్చినట్టు కాదు. ధైర్యంగా మొదలుపెట్టండి.